పాస్‌పోర్టు కాపీకి స్పామ్ ముద్ర పడితే

కువైట్‌లో ఆఫీసు మెయిల్ సర్వర్ చూసుకునే తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లకు తప్పని ఫిర్యాదు ఒకటుంది. రాజంపేట నుంచి "పాస్‌పోర్టు కాపీ పంపినానన్నా" అంటారు, ఇక్కడ కంపెనీవాళ్లేమో రాలేదంటారు. మెయిల్ వచ్చే ఉంటుంది, జంక్ ఫోల్డర్లో. ఈలోగా ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

మంచి మెయిల్‌ని చెత్తగా లెక్కగట్టడాన్నే ఫాల్స్ పాజిటివ్ అంటారు. స్పామ్ అసాసిన్ లాంటి ఫిల్టర్‌లో వందలాది నియమాలుంటాయి. ఒక్కోదానికి కొన్ని మార్కులు, మామూలుగా మొత్తం 5 అయితే స్పామ్ అన్నమాట. సబ్జెక్టంతా పెద్దక్షరాల్లో ఉంటే కొన్ని మార్కులు. జాబు మధ్యలో స్కాన్ బొమ్మ అతికించి నాలుగు ముక్కలైనా రాయకపోతే ఇంకొన్ని. లాటరీ మోసగాళ్లూ ఇలాగే రాస్తారు మరి!

గడియారం సంగతి మరీ విచిత్రం. నెట్ సెంటర్ కంప్యూటర్లో టైమ్ జోన్ అమెరికా పసిఫిక్‌లోనే వదిలేసి, టైము మాత్రం చేత్తో మన టైముకి తిప్పుతారనుకోండి. మెయిల్ మీద తేదీ పదమూడున్నర గంటలు భవిష్యత్తులోకి పోతుంది. 12 నుంచి 24 గంటలు ముందున్న తేదీలను పట్టుకోవడానికి స్పామ్ అసాసిన్‌లో ప్రత్యేకంగా ఒక నియమమే ఉంది. తేదీల దెబ్బ నియమాలు రాసినవాళ్లకీ తగిలింది లెండి. 2010 మొదలు వచ్చే ఏళ్లన్నీ "దూరపు భవిష్యత్తు" అనే పాత నియమం ఒకటి మిగిలిపోయి, 2010 జనవరి 1న మంచి మెయిళ్లకూ చాలాచోట్ల 3కి పైగా మార్కులు వేసింది.

ఫిర్యాదు రాగానే హద్దును 5 నుంచి 8కి పెంచేస్తుంటారు కొందరు. దాంతో చెత్తంతా లోపలికొస్తుంది. పంపినవారి అడ్రసును వైట్‌లిస్ట్‌లో పెట్టడమూ ప్రమాదమే, ఆ అడ్రసుతో ఎవరైనా దొంగ మెయిల్ పంపొచ్చు. పెట్టక తప్పకపోతే ఎస్‌పీఎఫ్, డీకిమ్ పరీక్షలు నెగ్గితేనే వర్తించేలా పెట్టండి.

అంతకన్నా మెయిల్ హెడర్ తెరవండి. ఏ నియమాలు తగిలాయో "ఎక్స్ స్పామ్ స్టేటస్" వరుసలో ఉంటుంది. ఒక నెలలో తప్పుగా పట్టుబడ్డవన్నీ పోగేస్తే రెండుమూడు నియమాలే మళ్లీమళ్లీ కనిపిస్తాయి. వాటి మార్కులు మాత్రం లోకల్ డాట్ సీఎఫ్ ఫైల్లో తగ్గించండి. ఆ మంచి మెయిళ్లనే బేస్ ఫిల్టర్‌కి నేర్పండి. అయితే మంచివి 200, చెత్తవి 200 చూసేదాకా అది నోరు మెదపదు. 2002లో పాల్ గ్రాహం ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చినప్పుడు, మంచి మెయిళ్లలో కనిపించిన మాటలను రెండింతలుగా లెక్కపెట్టాడు. చెత్త ఒకటి లోపలికొచ్చినా ఫరవాలేదు, మంచిది పోకూడదని.

ఫైలు మార్చాక "లింట్" పరీక్ష నడిపి, తప్పుల్లేవంటేనే సర్వీసు మళ్లీ మొదలుపెట్టండి.