శివరాత్రి దాటాక చంపే బాతు

కార్తీకంలో ఒక బాతు, శివరాత్రి దాటాక ఒక బాతు. వేటగాడి బుట్టలో రెండూ ఒకటే. జాతికి కలిగే నష్టం మాత్రం ఒకటి కాదు.

చలికాలం మొదట్లో దిగే గుంపుల్లో ఆ ఏడు పుట్టిన పిల్లలు చాలా ఉంటాయి. మనిషి ముట్టకపోయినా వాటిలో కొన్ని ఆకలికో, గద్దకో, రోగానికో పోతాయి. ఫిబ్రవరి దాకా నిలబడి, ఒంట్లో కొవ్వు పట్టించుకుని ఉత్తరానికి ప్రయాణమైన బాతు అంటే ఇక గుడ్లు పెట్టబోయే బాతే. పోచార్డ్ అనే వలస బాతు గూట్లో మామూలుగా 8 నుంచి 10 గుడ్లుంటాయి. అప్పుడు పోయేది ఒక పక్షి కాదు, ఆ ఏటి కాపు.

పోచార్డ్, టఫ్టెడ్ డక్ మునిగి మేసే బాతులు. కిలో లోపో, కాస్త అటూ ఇటూగానో తూగుతాయి. కాళ్లు ఒంటికి బాగా వెనకగా ఉంటాయి. నీటిలో తోసుకుపోవడానికి అది వాటం, గట్టు మీద నడకకు అవస్థ. పైకి లేవాలంటే నీటి మీద టపటపా కొంత దూరం పరుగెత్తాలి. మునిగినప్పుడు చేపల వలలో చిక్కితే ఊపిరాడక అక్కడే చస్తాయి. వేసవి ముంచుకొచ్చే కొద్దీ చెరువులు ఎండుతాయి, లోతు మిగిలిన నీళ్లలోకి గుంపులన్నీ చేరతాయి. వల వేసేవాడికి పని సులువయ్యేది అప్పుడే.

ఇలాంటి బాతులు దిగే చిలికా, ఇచ్ఛాపురం నుంచి బరంపురం మీదుగా వెళ్తే వస్తుంది. వేసవిలో సుమారు 906, వానాకాలంలో 1,165 చదరపు కిలోమీటర్ల సరస్సు. 1981లో చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. ఈ మధ్య ఏళ్లలో జనవరి లెక్కింపుల్లో 11 లక్షలకు పైగా పక్షులు తేలాయి. గాడ్వాల్, పింటెయిల్, విజియన్ బాతులు ఎక్కువ, మునిగే రకాలు వాటికంటే తక్కువ. ఆ ఒడ్డునే ఉన్న మంగళజోడి ఒకప్పుడు పక్షుల వేటకు పేరుపడ్డ ఊరు. 2000లో అక్కడ పక్షి రక్షణ సమితి ఏర్పడింది. పాత వేటగాళ్లే ఇప్పుడు పడవల్లో సందర్శకులను తిప్పుతున్నారు. జీతమిచ్చి పెట్టుకునే ఏ కాపలాదారుకూ వాళ్లకున్నంత ఎరుక ఉండదనే నా నమ్మకం.

మన టెక్కలి దగ్గరి తేలినీలాపురం సంగతి వేరు. అక్కడ చింతచెట్ల మీద గూళ్లు పెట్టే గూడబాతులను అందరూ సైబీరియా అతిథులంటారు. నిజానికి అవి దక్షిణాసియా పక్షులే. దూరదేశం నుంచి వచ్చేవి పింటెయిల్, పోచార్డ్ లాంటివి. వాటికి ఊరి చెట్టు అండ లేదు, బీల, తంపర, చెరువు తప్ప దిక్కులేదు.

వేట ఒకప్పుడు దర్జా. 1938 నవంబరు 12న భరత్‌పూర్‌లో వైస్రాయ్ లిన్‌లిత్‌గో బృందం ఒక్క రోజులో 4,273 పక్షులను కూల్చింది. 1972 వన్యప్రాణి చట్టం వేటకు పగ్గం వేసింది, 1991 సవరణతో లైసెన్సు వేట ఆగిపోయింది. అమెరికాలో వేట ఆగలేదు: సీజను చాలా చోట్ల జనవరి 31తో ముగుస్తుంది, వేటగాడు 25 డాలర్ల బాతు స్టాంపు కొనాలి, ఆ డబ్బు చిత్తడి నేలలకు వెళ్తుంది. మనవాళ్లెవరైనా అక్కడ తుపాకీ పట్టినా అది ఆ దేశపు పద్ధతి. దాన్ని చూపించి ఇక్కడ వల వేయడం కుదరదు.

మన చట్టంలో 2022 సవరణ తర్వాత మామూలు శిక్ష 3 ఏళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. చట్టంలోని మొదటి షెడ్యూలులో ఉన్న పక్షయితే 3 నుంచి 7 ఏళ్ల జైలు, కనీసం 25 వేల జరిమానా. వల వేసినవాడే కాదు, ఆ మాంసం దగ్గర పెట్టుకున్నవాడూ చట్టానికి దొరుకుతాడు. సంతలో ఎవరైనా గుట్టుగా బాతు చూపిస్తే ధర అడగకండి, అటవీ శాఖకు కబురు చెప్పండి.