ఇంధనమున్న చోట విద్యుత్తీగలు

మన పెద్దల కాలమున వంటయింట కట్టెలు, బొగ్గులు, కిరసనాయిలు ఉండెడివి. నేడు వంటయింట గ్యాసు సిలిండరు వెలసినది. 1998లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశము మేరకు తరువాతి యేండ్లలో ఢిల్లీ నగరపు బస్సులు సి.ఎన్.జి. యను సహజవాయువునకు మారెను. ఇప్పుడు అనేక పట్టణములలో పిల్లలు బడికి వచ్చు ఆటోలును దానితోనే నడచుచున్నవి. ఇంధనము మారినది గాని, అది ఉండు చోట విద్యుత్తీగల అమరిక మాత్రము పెక్కుచోట్ల మారలేదు. అపాయమునకు మూలమిదియే.

ఏ వాయువు ఎటు పోవునో ముందుగా తెలిసికొనవలెను. వంటగ్యాసు గాలికంటె 1.5 నుండి 2 రెట్లు బరువైనది. కారినయెడల నీటివలె నేలబారున ప్రాకి పల్లమున నిలుచును. సి.ఎన్.జి. బరువు గాలిలో సగమునకు కొంచెమే ఎక్కువ. అది పైకెగసి కప్పు క్రింద చేరును. కావున సిలిండరు చెంత నేలకు దగ్గరగా ప్లగ్గులుండరాదు. సి.ఎన్.జి. బండ్లు నిలుపు షెడ్డులో కప్పు క్రింద మామూలు దీపములు, పంకాలు ఉండరాదు. వాయువు వెడలు దారియు మొదటిచోట నేలమట్టమున, రెండవచోట కప్పుదగ్గర ఉండవలెను.

గాలిలో నూటికి సుమారు 2 పాళ్లు వంటగ్యాసు కలసినను మంటకు చాలును. స్విచ్చి వేసినను, ఆర్పినను లోపల చిన్న నిప్పురవ్వ పుట్టును. వదులైన అతుకు వేడెక్కి రవ్వలు రాల్చును. అందుచే ఇంధనము నిలువచేయు గది దీపమునకు స్విచ్చి వెలుపలనే ఉండుట, తీగలు లోపల అతుకులు లేక గొట్టములలో పోవుట మేలు. పెద్ద నిలువలున్నచోట ఫ్లేమ్‌ప్రూఫ్ పెట్టెలు వాడుదురు. వాటిలోపల మంట పుట్టినను, సన్నని సందులగుండ వెలువడునప్పటికి చల్లబడి బయటి వాయువును అంటింపజాలదు. మూత మర యొక్కటి ఊడినను ఆ రక్షణ పోవును.

తల్లిదండ్రులకు మా విన్నపము: గ్యాసు వాసన సోకినప్పుడు, చీకటైనను దీపము వేయరాదు, వెలుగుచున్న దీపమును ఆర్పరాదు. రెగ్యులేటరు మూసి, తలుపులు, కిటికీలు తెరచి, పిల్లలతో వెలుపలికి వచ్చి, అచ్చటినుండి 1906 నంబరుకు ఫోను చేయవలెను. చీకటిలో లేచిన బిడ్డ చేయి మొదట వెదకునది స్విచ్చినే. సిలిండరుపై హెచ్చరిక ఏ భాషలో నున్నను, "వాసన వచ్చిననాడు స్విచ్చి ముట్టకు నాయనా" యని ఇంటి మాటలో చెప్పినదే బిడ్డ మనసున నాటును. ఆ మాట నేడే చెప్పవలెనని కోరుచున్నాము.