మీటరు చెప్పని వయసు

ఒక కారుకు వయసెంత? ఆర్‌.సి. పుస్తకం చూస్తే అది ఏ సంవత్సరంలో తయారయిందో తెలుస్తుంది. మీటరు చూస్తే ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో తెలుస్తుంది. కాని ఈ రెండూ కలిపినా కారు అసలు వయసు తెలియదు. అది ఎలాగో చూద్దాం.

సికిందరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్న ఒక యువకుడికి కారు పందేలలో పాల్గొనాలని కోరిక ఉందనుకోండి. కొత్త స్పోర్ట్స్ కారు కొనే స్తోమత అతనికి లేదు. అందుకని మన దేశంలో ఔత్సాహికులు చాలామంది చేసిన పనే తనూ చేయబోతాడు. మారుతి ఎస్టీమ్, హోండా సిటీ వంటి చురుకైన పాత కారును కొని పందేనికి సిద్ధం చేసుకోవాలనుకుంటాడు. వెతకగా రెండు కార్లు దొరికాయి. ఒకటి 70 వేల కిలోమీటర్లు తిరిగింది. రెండవది లక్షా యాభై వేలు తిరిగింది. ఏది కొనాలి?

తక్కువ తిరిగినదే మంచిదని మీరు వెంటనే అంటారు. తొందరపడకండి!

మీటరు లెక్కపెట్టేది దేనిని?

కారు మీటరు లెక్కపెట్టేది చక్రాల ప్రయాణాన్నే కాని ఇంజను శ్రమను కాదు. ప్యారడైజ్ కూడలి దగ్గర సిగ్నలు పడి కారు ఆగిందనుకోండి. చక్రాలు తిరగవు, మీటరు కదలదు. కాని ఇంజను మాత్రం నిమిషానికి సుమారు 800 సార్లు తిరుగుతూనే ఉంటుంది. ప్యాట్నీ నుంచి ప్యారడైజ్ దాకా రోజూ ఆగుతూ సాగుతూ తిరిగే కారుకు క్లచ్చి, గేర్లు, బ్రేకులు త్వరగా అరుగుతాయి.

మరో సంగతి. రాత్రంతా నిలిచి ఉన్న ఇంజనులో ఆయిలు కిందికి జారిపోతుంది. ఉదయం స్టార్టు చేసిన మొదటి క్షణాలలో లోహం మీద ఆయిలు పొర చాలినంత ఉండదు. ఇంజను అరుగుదలలో పెద్ద భాగం అప్పుడే జరుగుతుంది. రోజుకు నాలుగుసార్లు స్టార్టు చేసి రెండేసి కిలోమీటర్లు నడిపే కారు కంటే, సికిందరాబాదులో బయలుదేరి ఏకబిగిన విజయవాడ చేరే కారు ఇంజను కిలోమీటరుకు తక్కువ అరుగుతుంది. కాబట్టి ఎక్కువ తిరిగిన కారే నిజానికి చిన్న వయసుది కావచ్చు. పైగా, మీటరును వెనక్కి తిప్పి అమ్మే మోసగాళ్ళు కూడా ఉంటారు. పెడలు మీది రబ్బరు, స్టీరింగు చక్రం, డ్రైవరు సీటు అరిగి నున్నబడినా మీటరు మాత్రం 40 వేలే చూపితే అనుమానించాల్సిందే.

ఇంజను నాడి

మరి అసలు వయసు ఎలా తెలుస్తుంది? ఒక చిన్న లెక్క చేద్దాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఇంజను నిమిషానికి సుమారు 2,500 సార్లు తిరుగుతుందనుకుందాం. ఆ వేగంలో నిమిషానికి ఒక కిలోమీటరు నడుస్తుంది. అంటే లక్షా యాభై వేల కిలోమీటర్లకు 37 కోట్ల 50 లక్షల సార్లు తిరిగిందన్నమాట! తిరిగిన ప్రతిసారీ పిస్టన్లు సిలిండర్ల గోడలను రాసుకుంటూ ఒకసారి పైకీ ఒకసారి కిందికీ పోతాయి. ఘర్షణ వల్ల పిస్టను రింగులు, సిలిండరు గోడలు మెల్లగా అరుగుతాయి. సందు పెరిగితే ఆయిలు పైకి ఎగబాకి పెట్రోలుతోపాటు మండుతుంది. అప్పుడు సైలెన్సరు నుంచి నీలి పొగ వస్తుంది. మెకానిక్కులు "ఇంజను బోరుకు వచ్చింది" అనేది అప్పుడే.

పొగ రంగును బట్టి మరికొన్ని జబ్బులు కూడా పట్టవచ్చు. నల్ల పొగ వస్తే పెట్రోలు అవసరానికి మించి పోతున్నట్టు. ఇంజను బాగా వేడెక్కాక కూడా దట్టమైన తెల్ల పొగ ఆగకపోతే రేడియేటరు నీళ్ళు సిలిండరులోకి చేరుతున్నట్టు.

వీటన్నిటికన్నా నమ్మకమైనది సంపీడన పరీక్ష. స్పార్కు ప్లగ్గులు తీసి, ఆ రంధ్రంలో పీడనమాపకాన్ని బిగించి, యాక్సిలరేటరు పూర్తిగా నొక్కి స్టార్టరు తిప్పుతారు. నాలుగు సిలిండర్లలో చదరపు సెంటీమీటరుకు 12, 12, 11.5, 8 కిలోల పీడనం వచ్చిందనుకోండి. నాలుగవదానిలో ఎక్కడో గాలి కారిపోతున్నది. ఎక్కడ? అందులో ఒక చెంచాడు ఇంజను ఆయిలు పోసి మళ్ళీ కొలుస్తారు. ఆయిలు రింగుల చుట్టూ చేరి సందును మూస్తుంది. అప్పుడు పీడనం పెరిగితే తప్పు రింగులది. పెరగకపోతే వాల్వులదో, హెడ్డు గాస్కెటుదో! ఇంజను విప్పకుండానే లోపలి సంగతి చెప్పే ఈ ఉపాయం వైద్యుడు నాడి చూడటం వంటిదే.

అయస్కాంతం చెప్పే నిజం

ఇంజను అరిగితే రీబోరు చేయించవచ్చు. రాణీగంజ్ దుకాణాలలో విడిభాగాలు వెతుక్కోవచ్చు. కాని కారు అస్థిపంజరం వంకరపోయినా, తుప్పు పట్టినా బాగుచేయటం కష్టం. పెద్ద దెబ్బ తిన్న కారుకు పుట్టీ పూసి రంగు వేస్తే కంటికి తెలియదు. ఒక చిన్న అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి ఇనుప రేకు మీద పెట్టి చూడండి. పుట్టీ మందంగా ఉన్నచోట అది అంటుకోదు. పందెపు కారు కొనేవాడు మొదట చూడవలసింది ఇదే. ఎందుకంటే ప్రమాదంలో ప్రాణం కాపాడేది బలమైన ఆ చట్రమే.

ముందు ఆగటం, తర్వాతే పరుగు

కారు కొనగానే చాలామంది ఇంజను బలం పెంచటానికి డబ్బు ఖర్చు పెడతారు. కాని మొదటి ఖర్చు బ్రేకులకు పెట్టాలి. కారణం ఇదీ.

గతిజశక్తి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం రెండింతలయితే శక్తి నాలుగింతలు. వెయ్యి కిలోల కారును 120 కిలోమీటర్ల వేగం నుంచి 60కి తగ్గించాలంటే సుమారు 4 లక్షల 17 వేల జౌళ్ళ శక్తిని బ్రేకులు వేడిగా మార్చాలి. ఆ వేడితో లీటరుంబావుకు పైగా మంచినీళ్ళను మరిగే దాకా కాచవచ్చు! రోడ్డు మీద ఇంత గట్టిగా బ్రేకు వేయటం అరుదు. పందెంలో దాదాపు ప్రతి పెద్ద మలుపు ముందూ వేయాలి.

బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 ద్రవానికి మరుగు స్థానం కనీసం 205 డిగ్రీల సెంటీగ్రేడు ఉండాలి. తేమ పట్టాక అది 140 దాకా పడిపోవచ్చు. ద్రవం మరిగితే గొట్టాలలో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవాన్ని నొక్కితే దాదాపు నలగదు, ఆవిరి నలుగుతుంది. కాబట్టి కాలు నేల దాకా పోయినా కారు ఆగదు! పాత కారులో బ్రేకు ద్రవాన్ని మార్చకుండా ట్రాకు ఎక్కటం ప్రాణంతో చెలగాటమే.

టైర్ల పక్కన ముద్రించిన తేదీ కోడులోని చివరి నాలుగు అంకెలు కూడా చూడాలి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారయిందని అర్థం. ఏళ్ళు గడిస్తే రబ్బరు గట్టిపడుతుంది. గాడులు లోతుగానే ఉన్నా పట్టు తగ్గుతుంది.

పందెం ఎక్కడ?

మద్రాసుకు ఉత్తరాన ఉన్న షోలవరంలో, రెండవ ప్రపంచయుద్ధ కాలపు విమానాల రన్‌వే మీద ఒకప్పుడు పేరుపొందిన కారు పందేలు జరిగేవి. 1990లో ఇరుంగాట్టుకోట్టైలో ప్రత్యేకంగా ట్రాకు వచ్చింది. హైదరాబాదులో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగరు పక్కన ఫార్ములా ఇ విద్యుత్ కార్ల పందెం జరిగింది. ఆ రోజు రోడ్లు మూసి, అడ్డుగోడలు కట్టి నడిపారు. మామూలు రోడ్ల మీద అనుమతి లేకుండా పందెం వేయటం 1988 మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను ప్రకారం నేరం. ట్రాకు మీద పోటీకి లైసెన్సు, హెల్మెట్టు, చట్రం లోపల ఉక్కు పంజరం అవసరమవుతాయి.

ఇప్పుడు మన యువకుడి ప్రశ్నకు జవాబు చెప్పగలరా? సంపీడనం సమంగా ఉండి, చట్రం నిటారుగా ఉంటే, లక్షన్నర కిలోమీటర్ల కారునే కొనవచ్చు. మిగిలిన డబ్బుతో ముందు బ్రేకులూ టైర్లూ మార్చుకోవాలి. 120 నుంచి 60కి బదులు పూర్తిగా ఆపితే ఎన్ని జౌళ్ళ వేడి పుడుతుందో మీరే లెక్క కట్టి చూడండి.