కారులో కుంపటి

పుష్యమాసంలో ఆసిఫాబాద్ వచ్చి చూడనివారికి తెలంగాణాలో చలి అంటే ఏమిటో పూర్తిగా తెలియదనే చెప్పాలి. పెద్దవాగు మీదుగా గాలి వీచిందంటే రెండు దుప్పట్లు కప్పుకొన్నా పళ్లు పటపటలాడవలసిందే. తెల్లవారుజామున వీధి మొగల్లో నెగడు చుట్టూ చేతులు చాచి కూర్చున్న మనుషులే కనిపిస్తారు. 2016లో కుమురం భీం పేరుతో ఏర్పడిన యీ జిల్లాలో, సిర్పూరు, తిర్యాణి వైపు కొన్ని సంవత్సరాలు ఉష్ణోగ్రత 5 డిగ్రీల దరిదాపులకు దిగిపోతుంది. అటువంటి చోట, కారు ఎక్కి మీట నొక్కగానే కూర్చున్న సీటే వెచ్చబడుతుందంటే ముచ్చటపడనివారెవరు?

మా చిన్నమ్మ కూడా ముచ్చటపడింది. రెండేళ్ల క్రితం సంక్రాంతికి హైదరాబాదునుంచి వచ్చిన మా తమ్ముడు, చేతులు మారిన విదేశీ కారొకటి కొని తెచ్చాడు. పండుగ వెళ్లాక తల్లిని తనతో తీసికొనిపోతూ, ముందుసీట్లో కూర్చోబెట్టి, "ఎంత జల్ది కాగుతదో చూడమ్మా!" అని గర్వంగా మీట నొక్కాడు.

"పొయ్యి కాడ కూసున్నట్టే వున్నది బిడ్డా, మంచిగున్నది" అన్నదామె.

కరీంనగర్ చేరేసరికి మూడు గంటలు పట్టింది. అంతసేపూ ఆ మీట ఎవరూ తీయలేదు. రాత్రి హైదరాబాదులో స్నానానికి నీళ్లు తోడిన కోడలు, అత్తగారి ఎడమ తొడ వెనుక అరచేతి వెడల్పున కమిలి, మధ్యలో బొబ్బలెక్కిన మచ్చను చూచి నిర్ఘాంతపోయింది.

"ఇదేంది అత్తమ్మా, ఎట్ల కాలింది?"

"కాలిందా? నాకేం తెల్వదు బిడ్డా."

ఆమెకు నిజంగానే తెలియదు. అంతకు నాలుగేళ్ల ముందు పక్షవాతం వచ్చి తగ్గింది. కర్ర పట్టుకొని నడుస్తున్నది గాని, ఎడమవైపు స్పర్శజ్ఞానం సగానికి సగం పోయింది. ఆ పుండు మానడానికి రెండు నెలలు పట్టింది.

సీటులో అసలు ఏముంటుందో ఆ తరువాతనే మేమంతా తెలిసికొన్నాము. పాఠకులకు ముందే తెలిస్తే మంచిదని యీ నాలుగు మాటలు.

ఇది ఇవాళ పుట్టిన సౌకర్యం కాదు. అమెరికాలో కాడిలాక్ కంపెనీ 1966 నమూనా కార్లలోనే దీనిని అమర్చి యిచ్చింది. కొద్ది సంవత్సరాలకే మంచుదేశమైన స్వీడన్‌లో సాబ్ కంపెనీ డ్రైవరు సీటుకు దీనిని మామూలు ఏర్పాటుగా చేసింది. మన దేశంలో ఎండలే ఎక్కువ గనుక సీటును చల్లబరిచే కార్లకే గిరాకీ. కాని విదేశీ కార్లలో వేడి సీట్లు కూడా వస్తున్నాయి. సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చుకొనే వేడి పరుపులూ అమ్ముతున్నారు. అమెరికాలోని పిల్లలను చూడబోయే తల్లిదండ్రులకైతే ఇవి తప్పకుండా ఎదురవుతాయి.

దీని లోగుట్టు ఇస్త్రీపెట్టె లోగుట్టు వంటిదే. సీటు తొడుగు కింద పలుచని మెత్త, దానిలో పాములాగ మెలికలు తిరిగిన తీగ వుంటాయి. తీగలో కరెంటు ప్రవహిస్తే వేడి పుడుతుంది. బ్యాటరీ 12 వోల్టులు, తీగ నిరోధం 3 ఓములు అనుకొంటే, 4 ఆంపియర్ల కరెంటు పారి 48 వాట్ల వేడి వస్తుంది. చలికి యిది చాలు. అయితే వేడిని కనిపెట్టి చూచేవారొకరు కావాలి గదా! ఆ కాపలా పని థర్మిస్టర్ అనే చిన్న ముక్కది. అది వేడెక్కినకొద్దీ దాని నిరోధం తగ్గుతుంది. దానినిబట్టి కంట్రోల్ యూనిట్ కరెంటును ఆపుతూ, వదులుతూ వుంటుంది.

ఇక లోపాల సంగతి. సీటు అసలు వెచ్చబడక, దీపం కూడా వెలగకపోతే ముందుగా ఫ్యూజు చూడాలి. చాలా కార్లలో ఇంజను నడుస్తుంటేనే సీటు పనిచేస్తుందని కూడా గుర్తుంచుకోవాలి. ఫ్యూజు పోయివుంటే అదే కొలతది వేయాలి. "మళ్లీ పోకుండా" పెద్దది వేయడమంటే ఇంటికి నిప్పు పెట్టుకోవడమే. దీపం వెలిగి కాసేపటికే ఆరిపోతే, లోపల ఏదో తెగిందని కంట్రోల్ యూనిట్ పసిగట్టిందనో, బ్యాటరీ నీరసించిందనో అనుమానించాలి. దీపం వెలుగుతూనే సీటు చల్లగా వుంటే తీగ తెగివుండవచ్చు, లేదా సీటు కింది కనెక్టరు వదులై వుండవచ్చు. సీటును ముందుకూ వెనక్కూ జరిపినప్పుడు వేడి వచ్చిపోతూంటే తప్పు ఆ కనెక్టరుదే అయివుంటుంది.

తీగ తెగిందో లేదో మల్టీమీటరు పెడితే తెలుస్తుంది. మంచి తీగ కొద్ది ఓములే చూపుతుంది. తెగిన తీగ అంతులేని నిరోధం చూపుతుంది. ఎంత వుండాలో తెలియకపోతే, బాగా పనిచేస్తున్న పక్కసీటును కొలిచి పోల్చుకోవడం సులువైన మార్గం. కాని సీటు కింద చెయ్యి పెట్టడానికి ముందొక హెచ్చరిక. ఎయిర్‌బ్యాగుల తీగలు కూడా అక్కడే వుంటాయి. వాటి కనెక్టర్లు సాధారణంగా పసుపురంగులో వుంటాయి. వాటి జోలికి పోరాదు. బ్యాటరీ తీయించి, పని తెలిసిన మేస్త్రీ చేతనే ఆ పరీక్ష చేయించాలి.

పైన చెప్పిన లోపాలన్నింటిలో నష్టం ఒక్కటే. చలి తగ్గదు, అంతే. దుప్పటి కప్పుకొంటే సరిపోతుంది. అసలు భయపడవలసింది అతిగా కాగే సీటుకు. పిల్లలు సీటుమీద మోకాళ్లు మోపి ఎక్కడంవల్ల, బరువైన పెట్టెలు పెట్టడంవల్ల తీగలోని పోగులు కొన్ని తెగుతాయి. ఉన్న కరెంటంతా మిగిలిన పోగులలో ఇరుక్కొని పారుతుంది. అక్కడ మాత్రం నిప్పులాగ కాగుతుంది. లోపలి మెత్త మడత పడినా అంతే. కొన్ని పాత ఏర్పాట్లలో థర్మిస్టర్ తీగ తెగితే, కంట్రోల్ యూనిట్ "ఇంకా చల్లగానే వుంది" అని భ్రమించి కరెంటు వదులుతూనే వుంటుంది. మా తమ్ముడి కారులో జరిగినది యిదే. పక్కసీటుకంటే తొందరగా కాగుతున్నదని, ఎంతకూ ఆరడం లేదని అతడు అంతకుముందే గమనించాడు. దానిని కారు గొప్పతనమనుకొన్నాడు!

చర్మం కాలడానికి నిప్పే తగలనక్కరలేదు. మోరిట్జ్, హెన్రిక్స్ అనే పరిశోధకులు 1947లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, చర్మం 44 డిగ్రీల వేడిలో సుమారు 6 గంటలుంటే గాయపడుతుంది. అక్కడినుంచి 51 డిగ్రీలదాకా ఒక్కొక్క డిగ్రీ పెరిగినకొద్దీ ఆ వ్యవధి దాదాపు సగానికి తగ్గుతూ వస్తుంది. మనకైతే అంతకు ముందే చురుక్కుమంటుంది, కదిలి కూర్చుంటాము. పక్షవాతం వచ్చినవారికి, వెన్నుపూస దెబ్బతిన్నవారికి, చక్కెరవ్యాధితో నరాలు మొద్దుబారినవారికి ఆ చురుకు తెలియదు. అమెరికాలో యిటువంటి గాయాలను చూచిన వైద్యులు, రక్షణ కోరేవారు కలిసి 2011లో ప్రభుత్వ రవాణా రక్షణ శాఖకు విన్నవించుకొన్నారు. సీటు వేడికి ఒక హద్దు వుండాలని, కొంతసేపటికి దానంతట అదే ఆరిపోవాలని వారి కోరిక.

కాబట్టి యింట్లో పెద్దవారుంటే ప్రయాణానికి ముందు ఒక పని చేయండి. మీట నొక్కి పది నిమిషాలు ఆగి, స్పర్శ బాగా వున్నవారెవరైనా అరచేతితో సీటంతా తడిమి చూడాలి. ఒకేచోట చుర్రుమన్నా, కమురు వాసన వచ్చినా, తొడుగు రంగు మారినా మీట తీసివేసి, ఫ్యూజు లాగి, బాగుచేయించేవరకు దాని జోలికి పోకండి. బాగున్న సీటునైనా వెచ్చబడగానే ఆపివేయడం మంచిది. స్పర్శ తక్కువైన వారికి అసలు వాడకపోవడమే క్షేమం.

మా తమ్ముడు ఆ సీటు లోపలి మెత్తను మార్పించాడు. అయినా తల్లి కూర్చునే రోజున ఆ మీట ముట్టడు. ఈ సంక్రాంతికి వచ్చినప్పుడు చూచాను. చిన్నమ్మ మందపాటి శాలువా కప్పుకొని ముందుసీట్లో కూర్చున్నది. కోడలు వెనుకనుంచి చెయ్యి చాచి, అత్తగారి చేతిని తాకి చూచి, "సలి పెడుతున్నదా అత్తమ్మా?" అని అడిగింది.

చలి పెడితే ఆమె తానే చెబుతుంది. వేడి ఎక్కువైతేనే, పక్కనున్నవారు కనిపెట్టాలి.