మిడుతలన్నియు శత్రువులు కావు

మిడుత యనగానే పైరును మ్రింగు దండు మన తలపునకు వచ్చును. కాని మిడుతలన్నియు అట్టివి కావు.

అమెరికా పశ్చిమ రాష్ట్రముల పచ్చికబయళ్లలో సుమారు 400 జాతుల మిడుతలు కలవు. తీవ్రనష్టము కలిగించునవి వానిలో కొన్నియే. ఒక జాతి, పశువులకు హానికరమైన స్నేక్‌వీడ్ అను కలుపును తినును. పెక్కు పక్షులకు మిడుతలు ఆహారము.

1874లో రాకీ పర్వతపు మిడుతలు కాన్సాస్, నెబ్రాస్కా ప్రాంతముల పైరులను ఊడ్చివేసినవి. ఆ జాతి 1902 తరువాత సజీవముగా కానరాలేదు. అవి గ్రుడ్లు పెట్టు నదీలోయలను రైతులు దున్నుటయే ఇందుకు కారణమని పలువురు శాస్త్రజ్ఞుల అభిప్రాయము.

నేడు అచట ముందుగా జాతిని గుర్తించి, నష్టకరమైనదైనచో రెక్కలు రాకమునుపే అణచుదురు. కనబడిన ప్రతి మిడుతపై మందు చల్లినచో ధనము వ్యర్థము. మేలుచేయు పురుగులును నశించును. మొదట గుర్తింపు, పిదప మందు: ఈ క్రమమును పంచాయతీ సభ్యులు గమనింతురని ఆశించుచున్నాము.