జీతపు డ్రైవరు - చట్టము విధించు శిక్ష



న్యాయవాదిగా నేనొక బస్సు ప్రమాదపు కేసు విచారణనాడు కోర్టు వరండాలో చనిపోయినవాని తల్లియు, బస్సు నడిపినవాని భార్యయు ఒకే అరుగుపై కూర్చుండి దుఃఖించుట చూచితిని. చంపవలెనని ఆ డ్రైవరు తలంచినవాడు కాడు. అయినను ఒక ప్రాణము పోయినది. ఇట్టివానికెంత శిక్ష తగును? చట్టమేమనుచున్నదో మనవి చేసెదను.

బుద్ధిపూర్వకమైన హత్య వేరు, అజాగ్రత్తవలన కలిగిన మరణము వేరు. ఈ రెండవదానికై 1870లో భారత శిక్షాస్మృతియందు 304-ఎ అను సెక్షనును చేర్చిరి. గరిష్ఠశిక్ష రెండేండ్ల ఖైదు, లేదా జరిమానా, లేదా రెండును. గుఱ్ఱపుబండ్లనాటి ఈ కొలతయే మోటారుల కాలమునందును నూటయేబదియేండ్లకు పైగా నిలిచెను. 2024 జులై 1న అమలునకు వచ్చిన భారతీయ న్యాయసంహిత 106వ సెక్షనులో దానిని ఐదేండ్ల వరకు పెంచినది. జరిమానా కూడ కలదు.

జీతమునకు బండి నడుపువాని విషయమున సుప్రీంకోర్టు 2000 సంవత్సరమున హర్యానాకు చెందిన యొక బస్సు డ్రైవరు కేసులో స్పష్టముగా చెప్పినది. సత్ప్రవర్తన షరతుపై అతనిని విడుచుటకు న్యాయస్థానము సమ్మతింపలేదు. దినమంతయు యంత్రముపై కాలుంచి పనిచేయువాడు క్షణమైనను ఏమరరాదనియు, ప్రాణము పోయినను తేలికగా బయటపడుదునను ధైర్యము వానికి కలుగరాదనియు దాని భావము. రేవు దాటించు పడవవాడు ఎక్కినవారి ప్రాణములకెల్ల పూచీ గదా! నేర్పు వృత్తియైనవానికి బాధ్యత హెచ్చును గాని తగ్గదు.

అయితే యజమాని మాటయు మరువరాదు. మోటారు రవాణా కార్మికుల పని సాధారణముగా దినమునకు ఎనిమిది గంటలకు మించరాదని 1961 నాటి చట్టము విధించియుండెను. నిద్ర లేకుండ నడిపించి, కునుకుపాటున మరణము సంభవించినచో డ్రైవరునొక్కనినే దూషించుట న్యాయము కాదని నా యభిప్రాయము.

అదే 106వ సెక్షను రెండవభాగము, ప్రమాదమును అధికారులకు తెలుపక పారిపోయినవానికి పదేండ్ల వరకు శిక్ష చెప్పినది. నిలిచినచో జనము కొట్టి చంపుదురని మొరపెట్టి 2024 జనవరిలో లారీ డ్రైవర్లు సమ్మె చేసిరి. కావున జులైలో ఆ భాగమును నిలిపి తక్కిన చట్టమును అమలునకు తెచ్చిరి. 1988 నాటి మోటారు వాహనముల చట్టము సైతము గాయపడినవానికి వైద్యము చేయించుట డ్రైవరు విధియని చెప్పుచు, గుంపు ఆగ్రహమువలన వీలుకానియెడల మినహాయించినది.

ఇందు మన వంతేమి? గుంపు కఱ్ఱ లెత్తినచో డ్రైవరు పారిపోవును. అతడు పోయినచో గాయపడినవాడు దారిలోనే ప్రాణము విడుచును. కావున మీ యూర నట్టి దినము వచ్చినచో మొదట గుంపునాపుడు. గాయపడినవానిని ఆసుపత్రికి చేర్పుడు. సద్బుద్ధితో సాయపడువారికి 2019 సవరణచట్టము రక్షణ కల్పించినది. డ్రైవరును పోలీసులకప్పగింపుడు. శిక్ష న్యాయమూర్తి చూచుకొనును. ప్రాణము నిలుపుట మీ చేతులలోనిది.