మూతి వంకరపోతే ముందు గడియారం చూడండి!

ఆ మధ్య మా కె.గంగవరం మండలంలోని ఓ కౌలు రైతును సాయంత్రం అయిదింటికి ఆటోలో తీసుకొచ్చారు. ఉదయం ఏడింటికి కాఫీ గ్లాసు చేతిలోంచి జారిపోయింది. మూతి ఓ పక్కకు లాగేసింది. ఇంట్లోవాళ్లు నూనె రాసి మర్దన చేశారు. పావురం రక్తం పూస్తే తగ్గుతుందని ఎవరో చెబితే దానికోసం తిరిగారు. ‘గడ్డ కరిగే ఇంజెక్షన్ ఉందటగా డాక్టరుగారూ, వేయించండి’ అంది భార్య. ఉన్నమాట నిజమే. కానీ దానికి వేళ దాటిపోయింది.

గంటలకు ఎందుకింత విలువ?

అధిక రక్తపోటు, మధుమేహం, పొగ... ఇవి రక్తనాళం లోపలి పొరను దెబ్బతీస్తాయి. అక్కడ కొవ్వు పేరుకుంటుంది. అది చిట్లితే ప్లేట్‌లెట్లు అతుక్కుంటాయి, ఫైబ్రిన్ పోగులు అల్లుకుని గడ్డ కడుతుంది. రక్తం అందని మెదడు కణాల నుంచి గ్లుటమేట్ బయటకు పొంగుతుంది. దాంతో పక్క కణాల్లోకి క్యాల్షియం చొరబడి వాటినీ చంపేస్తుంది. పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి దాదాపు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని అంచనా.

గ్లుటమేట్‌ను అడ్డుకునే మందులు ఎలుకల్లో బాగా పనిచేసినా మనుషుల్లో విఫలమయ్యాయి. ఫలితమిచ్చింది ఫైబ్రిన్ పోగుల్ని తెంపే ఆల్టిప్లేజ్. దీన్ని లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి.

వంశంలో ఉంటే?

2003లో ఐస్‌లాండ్ పరిశోధకులు పీడీఈ4డీ అనే జన్యువుకు పక్షవాతంతో సంబంధం ఉందన్నారు. హైదరాబాద్‌లోని జన్యువ్యాధుల సంస్థ, నిమ్స్ వైద్యులు కలిసి మన ప్రాంత రోగుల్లోనూ దాన్ని పరిశీలించి, సంబంధం ఉన్నట్లు గుర్తించారు. అన్నిచోట్లా ఫలితం ఒకేలా రాలేదు. 2022లో లక్షమందికి పైగా బాధితులపై జరిగిన అంతర్జాతీయ అధ్యయనం జన్యురాశిలో 89 చోట్లను గుర్తించింది. అంటే నేరం ఒక్క జన్యువుది కాదు. జన్యువుల్ని మార్చుకోలేం, బీపీని మాత్రం అదుపులో పెట్టుకోవచ్చు. ఆవకాయ, ఎండుచేపలు తగ్గించడం అందుకే.

ఏం చేయాలి?

మూతి వంకర, చెయ్యి పడిపోవడం, మాట ముద్దగా రావడం... వీటిలో ఏది కనిపించినా టైము రాసుకుని 108కి ఫోన్ చేయండి. సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లమని అడగండి. నోట్లో నీళ్లు, మాత్రలు వేయొద్దు. స్కాన్ తీయకుండా ఆస్పిరిన్ అసలే వద్దు. లోపల రక్తస్రావం అవుతుంటే ప్రాణానికే ముప్పు.

ఆ రైతు ఇప్పుడు కర్ర సాయంతో నడుస్తున్నారు. కుడిచెయ్యి ఇంకా లేవడం లేదు. తోడుగా వచ్చిన తమ్ముడికి బీపీ చూస్తే 170/100. ఎప్పుడూ చూపించుకోలేదట. ఇప్పుడు నెలనెలా వచ్చి మాత్రలు తీసుకెళ్తున్నారు.